ఎవరి కోసం వెలిగిన పొయ్యి

మీదే ఊరండీ అని ఎవరైనా అడిగితే కొండాపూర్ అని చెబుతాను. వెంటనే అవతలివాళ్ల ముఖం విప్పారుతుంది. "అక్కడ తిండికి కొదవేముందండీ! మంచి హోటల్ ఏదో చెప్పండి, ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని వస్తాం" అంటారు. వాళ్ల మనసులో ఉన్నది హైటెక్ సిటీని ఆనుకుని ఉన్న కొండాపూర్. 1998లో సైబర్ టవర్స్ లేచాక ఆ చుట్టుపక్కల రాళ్లగుట్టలు కరిగిపోయి, సందుకొక బిర్యానీ, మలుపుకొక మండీ వెలసిన చోటు అది. మాది సంగారెడ్డి దాటాక వచ్చే కొండాపూర్. పేరొకటే గానీ, బస్సులు మారుతూ ఇక్కడి నుంచి అక్కడికి పోవాలంటే పూట గడిచిపోతుంది.

మా ఊళ్లో పొద్దున ఇడ్లీ, బోండా వేసే బండి ఉంది. చాయ్ కొట్టు ఉంది. సాయంత్రమైతే మిర్చీలు కాలుతాయి. ఆదివారం పిల్లల్ని తీసుకొచ్చేంత హోటల్ లేదు. మాకున్నది మ్యూజియం. ఊరి బయట దిబ్బను 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖ తవ్వితే, కింద శాతవాహనుల నాటి పట్నం బయటపడింది. సీసపు నాణాలు, రాగి నాణాలు, వాటిని పోసిన అచ్చులు, పూసలు, మట్టిబొమ్మలు, రోము చక్రవర్తి అగస్టస్ పేరున్న బంగారు నాణెం. టంకశాల ఉన్న ఊరన్నమాట మాది. చిన్నప్పుడు బడి నుంచి తీసుకెళ్తే అందరం ఆ బంగారు నాణెం కోసమే తోసుకున్నాం. ఇప్పుడు వెళ్తే నా చూపు కుండల దగ్గర ఆగిపోతుంది. నాణాలు పోసినవాళ్లు, పూసలకు బెజ్జాలు వేసినవాళ్లు, ఎక్కడెక్కడి నుంచో సరుకు మోసుకొచ్చినవాళ్లు పొద్దంతా పనిచేసి ఎక్కడ తిన్నారు? అందరికీ ఇక్కడ ఇల్లూ వాకిలీ ఉండి ఉండవు కదా.

నా పని వల్ల ఈ ప్రశ్న నాకు అలవాటైంది. నేను కాంటాలు బాగుచేస్తాను. సిమెంటు బస్తా తూచేది, మందుల పొడి మిల్లీగ్రాములలో తూచేది, లారీనే ఎక్కించి తూచేది, ఏది మొరాయించినా ఫోన్ వస్తుంది. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, బొల్లారం, గడ్డపోతారం: ఇరవై ఏళ్లుగా ఈ గేట్ల మధ్యే తిరుగుతున్నాను. పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది మధ్యాహ్నానికి ఎక్కడ తింటానో నాకే తెలియదు కాబట్టి, కొన్నాళ్లకు తెచ్చుకోవడం మానేశాను. ఏ గేటు దగ్గర పని పడితే ఆ గేటు ముందున్న హోటల్లోనే భోజనం. అలా ఈ పారిశ్రామికవాడలో నేను తినని మెస్సు తక్కువ.

మొదట్లో నేనూ అందరిలాగే వెతికాను. గోడమీద రంగు కొత్తగా ఉందా, పెద్ద బోర్డు ఉందా, మెనూ పొడుగ్గా ఉందా అని చూసేవాణ్ని. సౌత్ ఇండియన్, నార్త్ ఇండియన్, చైనీస్, తందూరి అని నాలుగు వరుసల్లో రాసిన బోర్డు కనిపిస్తే ఏదో ఒకటి నచ్చకపోతుందా అని లోపలికి నడిచేవాణ్ని. నచ్చేది కాదు. తిట్టుకునేంత చెడ్డగానూ ఉండేది కాదు. అందరి కోసం వండిన కూర అది. అందులో ఉప్పు కూడా జంకుతూ పడుతుంది. కారం ఎవరికి ఎక్కువవుతుందో, పులుపు ఎవరికి పడదో అని వంటవాడి చెయ్యి ప్రతి చోటా కాస్త వెనక్కి తగ్గుతుంది. అలా తగ్గించి తగ్గించి చివరికి మిగిలేది ఎవరి ఇంటి రుచీ కాదు.

పాశమైలారంలో ఒక వానాకాలపు సాయంత్రం నా పద్ధతి మారింది. ఒక ఫ్యాక్టరీ కాంటాకు లోడ్‌సెల్ మార్చేసరికి చీకటి పడింది. వాన ఎడతెగకుండా కురుస్తోంది. బైక్ స్టార్టు కాలేదు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో ఎర్రగా నిప్పులు కనిపిస్తే తలదాచుకుందామని పరుగెత్తాను. బోర్డు లేదు. సగం కోసిన నూనె డ్రమ్ములో బొగ్గులు, వాటి మీద టెన్నిస్ బంతులంత పిండి ముద్దలు. చుట్టూ పదిహేను మంది ఉంటారు. షిఫ్టు దిగినవాళ్లు, బూట్ల నిండా తెల్లటి పొడి. ఒక్కరూ తెలుగు మాట్లాడడం లేదు. నాకూ ఒక ప్లేటు ఇమ్మన్నాను. నిప్పుల ముందు కూర్చున్నతను తలెత్తి చూసి హిందీలో అన్నాడు: "సార్, ఇది మావాళ్ల తిండి. మీకు నచ్చకపోవచ్చు."

అమ్మేవాడు అనే మాట కాదది. నచ్చదేమోనని ముందే చెప్పి కస్టమర్ని వద్దనుకునే హోటలువాణ్ని నేనప్పటిదాకా చూడలేదు. మావాళ్ల తిండి అన్న ఆ మాటలో దాపరికమేమీ లేదు. మా ఇంట్లో చుట్టాలొచ్చి ఉండగా తెలియనివాళ్లు గుమ్మంలో నిలబడితే మేం కూడా అలాగే అంటాం కదా, ఇవాళ మామూలు పప్పన్నమేనండీ అని. ఫరవాలేదు, ఇవ్వు భయ్యా అన్నాను. కారం తగ్గించమంటారా అన్నాడు. వద్దు, వాళ్లకెలా ఇస్తున్నావో నాకూ అలాగే ఇవ్వమన్నాను.

అది లిట్టీ. గోధుమపిండి ముద్ద మధ్యలో సత్తు కూరతారు. సత్తు అంటే వేయించి విసిరిన శనగల పిండి. అందులో అల్లం, వెల్లుల్లి, వాము, పచ్చిమిర్చి, నిమ్మరసం, కాస్త ఆవనూనె. నిప్పుల మీద నాలుగు వైపులా తిప్పి కాల్చి, బూడిద గుడ్డతో దులిపి, పైన చిదిమి, నేతిలో ముంచి ఇస్తారు. పక్కన చోఖా: కాల్చిన వంకాయ, కాల్చిన టమాట, ఉడికిన ఆలుగడ్డ కలిపి మెదిపి, పచ్చి ఆవనూనె పోసింది. మొదటి ముద్దకు ఆవనూనె ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లొచ్చాయి. రెండో ముద్దకు వంకాయ దొరికింది. మా అమ్మ కట్టెలపొయ్యిలో వంకాయ కాల్చి, పొట్టు తీసి, చింతపండు పిసికి చేసే పచ్చడి ఉంది. అదే పొగ వాసన. నడుమ ఎన్ని రాష్ట్రాలున్నా వంకాయను నిప్పుల్లో పడేయాలన్న ఆలోచన ఇద్దరమ్మలకూ వచ్చిందన్నమాట. మూడు లిట్టీలు తిన్నాను. అతను నా ప్లేటు వంక చూసి ఏమీ అనలేదు గానీ, నాలుగోది అడగకుండానే వేశాడు.

వాన తగ్గాక బైక్ నెట్టుకుంటూ పోతుంటే ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్లూ నేను ఏం వండారు, ఎలా వండారు, ఎంత తీసుకుంటారు అని చూస్తూ వచ్చాను. చూడవలసింది అది కాదు. ఈ పొయ్యి ఎవరి కోసం వెలిగింది? ముందు అది కనుక్కోవాలి. అది నాకోసం వెలిగింది కాకపోతే మరీ మంచిది.

ఆ రోజు నుంచి హోటల్ అంటే నా వెతుకులాట వేరు. కొత్త గేటు దగ్గరికి పోతే ముందు కస్టమర్లను చూస్తాను. ఏ భాషలో ఫోన్లు మాట్లాడుకుంటున్నారు? ఏ వేళకు గుంపు కూడుతోంది? తినేవాళ్లు వంటవాణ్ని బాబూ అంటున్నారా, భాయ్ అంటున్నారా, లేక చుట్టరికం పెట్టి పిలుస్తున్నారా? గడ్డపోతారం వైపు ఒక గదిలో ఒడియావాళ్ల మెస్సు అలాగే దొరికింది. బయట బోర్డు లేదు, గుమ్మం ముందు నలభై జతల చెప్పులున్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం లోపల పెడుతున్నది పఖాళ. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టి, కాస్త పెరుగు కలిపి, వేయించిన వడియాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మెదిపిన ఆలుగడ్డ నంజుకుని తింటారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఇది మా నాయనమ్మ చద్దన్నం! ఆవిడ పోయాక మా ఇంట్లో ఎవరూ చేయని చద్దన్నం కోసం నేను ఒడిశావాళ్ల గుమ్మంలోకి రావలసి వచ్చింది. వాళ్లకూ అది వింతగానే తోచింది. మీరూ తింటారా అని పక్కనున్న కుర్రాడు రెండుసార్లు అడిగాడు.

పట్నం చరిత్రనంతా పొయ్యి ఎవరి కోసం వెలిగిందన్న ఈ ఒక్క ప్రశ్నతో చదువుకోవచ్చునని నాకనిపిస్తుంది. హైదరాబాద్ అనగానే అందరూ మురిసిపోయే ఇరానీ చాయ్‌నే తీసుకోండి. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట ఇరాన్ నుంచి బతుకుతెరువు కోసం బయల్దేరినవాళ్లు బొంబాయి, పుణె మీదుగా ఇక్కడికొచ్చి పెట్టిన హోటళ్లవి. ఇరాన్‌లో చాయ్‌లో పాలు పోయరు. ఇక్కడివాళ్లకు పాలు కావాలి. డికాషన్‌ను మూతపెట్టి దమ్ మీద మరిగిస్తూ, పాలను వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాచి, రెంటినీ కప్పులోనే కలపడమన్నది ఆ ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. అదే ఆబిడ్స్‌లో 1948లో తాజ్‌మహల్ హోటల్ వచ్చింది. ఉడుపి వైపు వంటవాళ్లు దేశమంతా పాకినప్పుడు ఇడ్లీ, సాంబారు, కాఫీ మన పట్నంలోనూ స్థిరపడ్డాయి. 1956లో రాష్ట్రాలు కలిశాక కోస్తా నుంచి ఉద్యోగులు వచ్చారు. వాళ్లతోపాటు పొడులు, నెయ్యి, గోంగూర, ముద్దపప్పు వడ్డించే మెస్సులు వచ్చాయి. తర్వాత అమీర్‌పేటలో కోచింగులు వచ్చాయి, పిల్లలు వచ్చారు, పిల్లల వెనకే కర్రీ పాయింట్లు. గంపెడు మంది ఒకచోటు నుంచి కదిలి మరోచోట దిగితే, వాళ్లు దిగిన చోట ఒక పొయ్యి వెలుగుతుంది. ఇప్పుడు మనం పాతది, అసలైనది, హైదరాబాద్‌కే సొంతమైనది అని గర్వంగా చెప్పుకునే హోటళ్లలో చాలావరకు ఒకప్పుడు ఎవరో పరాయివాళ్లు దిగిన చోట వెలిగించిన పొయ్యిలే. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను రుచుల నగరంగా గుర్తించింది. ఆ గౌరవంలో ఆ వలసవాళ్లందరికీ వాటా ఉంది.

ఇలా వచ్చినవాళ్ల కోసం పొయ్యి వెలగడం పట్నాలు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. వినుకొండ వల్లభరాయుడి పేరున్న క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. చూసినవన్నీ ఒకరికొకరు చెప్పుకుంటారు. తిరిగి తిరిగి ఆకలేస్తుంది కదా, అప్పుడు పూటకూళ్ల ఇంటి ప్రస్తావన వస్తుంది. లక్ష్మణ వజ్ఝల ఇంట్లో ఒక్క రూక ఇస్తే ఏమేం పెడతారో కవి లెక్క చెప్పాడు. మంచి బియ్యపన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. హోటల్ చూసొచ్చి స్నేహితుడికి ఊరిస్తూ చెప్పే మాట తెలుగులో అంత పాతది. కాకతీయుల ఓరుగల్లుకు ఎక్కడెక్కడి నుంచో బాటసారులు, వర్తకులు వస్తేనే గదా ఒక గృహస్థు ఇంట్లో రూకకు అన్నం పెట్టే అవసరం పుట్టింది. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు, 1892లో విజయనగరంలో ఆడిన కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ కనిపిస్తుంది. ఆ కాలంలో దిక్కులేని వితంతువులకు మిగిలిన దారుల్లో పరాయివాళ్లకు వండిపెట్టడం ఒకటి. ఎవరి కోసం వండుతున్నారన్నది ఒక ప్రశ్న అయితే, ఎవరు వండవలసి వస్తోందన్నది దాని వెంటే వచ్చే రెండో ప్రశ్న. ఎవరికి తినక తప్పడం లేదన్నది మూడోది. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియంగా మార్చాక, 2016 నుంచి అయిదు వందలు కట్టి ఒక రోజు ఖైదీలా ఉండి, ఆ తిండే తినే ఏర్పాటు పెట్టారు. దూరం నుంచి మనుషులు వచ్చి చూసిపోయారు. నాకైతే పోబుద్ధి కాలేదు. వద్దనే హక్కు లేనివాళ్ల కోసం వండిన కూడు అది. వద్దనే వీలున్న నేను కూర్చుని రుచి చూస్తే నాకేం తెలుస్తుంది?

రొట్టెల సంగతి చెప్పకుండా పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా సాగే ఈ దారి గురించి చెప్పినట్టు కాదు. పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి సంగారెడ్డి లోపలికి సాయంత్రం ఆరింటికి నడిస్తే చప్పుడు వినిపిస్తుంది. అరచేత్తో జొన్నపిండి తట్టే చప్పుడు. జొన్నపిండికి గోధుమకున్న జిగురు లేదు. కర్రతో ఒత్తితే విరుగుతుంది. మరిగే నీళ్లు పోసి, వేడి వేడిగా మణికట్టుతో మర్దించి, చేత్తో తిప్పుతూ తట్టాలి. పెనం మీద వేశాక పై వైపు తడిగుడ్డతో నీళ్లద్ది, తిప్పి, చివరికి నిప్పుల మీద నిలబెడితే పొంగుతుంది. ఆ ఒడుపు యంత్రానికి ఇంకా పూర్తిగా రాలేదు. అందుకే ప్రతి రొట్టెల బండి దగ్గరా ఒక ఆడమనిషి ఉంటుంది. నేను పోయే బండి అమ్మది నారాయణఖేడ్ వైపు. నన్ను సారూ అంటుంది, నేను అమ్మా అంటాను.

"మీ ఇంట్ల గూడ రొట్టెలేనా అమ్మా?" అని అడిగానొకసారి.

"యాడ సారూ. నా పిల్లలకు బువ్వనే గావాలె. కార్లల్ల వొచ్చేటోళ్లు తింటరు. షుగరున్నోళ్లు."

ఆ ఒక్క మాటలో మా జిల్లా నలభై ఏళ్ల చరిత్ర ఉంది. ఒకప్పుడు ఇక్కడి నేలంతా జొన్న. బీదవాడి తిండి జొన్నరొట్టె, ఉన్నవాడి తిండి వరన్నం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక బీదవాడి ఇంటికీ వరన్నం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు. దానితోపాటు జొన్న చేలు తగ్గాయి. తర్వాత డాక్టర్లు షుగరున్నవాళ్లను అన్నం తగ్గించమన్నారు. ఒకప్పుడు హమాలీ కోసం తట్టిన రొట్టెను ఇప్పుడు షుగర్ మిషను ఇంట్లో ఉన్నవాళ్ల కోసం తడుతున్నారు. ఊరు వదిలినవాళ్లే కాదు, ఒక రోగం ఉన్నవాళ్లు కూడా ఒక పొయ్యి చుట్టూ చేరతారని ఆ బండి దగ్గర నేర్చుకున్నాను. ఇదే రోడ్డు మీద పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల మీద అక్కడ ప్రపంచమంతటి కోసం పరిశోధన చేస్తారు. లిట్టీలోని శనగా, రొట్టెలోని జొన్నా రెండూ ఆ గోడ లోపలా ఉన్నాయి, ఈ బండ్ల మీదా ఉన్నాయి. కాంటా పని మీద అటు పోయినప్పుడల్లా నాకు ఆ తలపు వచ్చి సంతోషమేస్తుంది.

సంతోషం కలిగించని సంగతులూ ఈ దారిలో ఉన్నాయి. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో అన్నీ మూతపడ్డాయి. సంగారెడ్డి దగ్గరి కంది ఊళ్లో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు ఏప్రిల్ 29న రోడ్డెక్కారు. ఇంటికి పంపమన్నది వాళ్ల గోడు. మే 1న తెల్లవారకముందే వాళ్లను బస్సుల్లో లింగంపల్లి స్టేషనుకు చేర్చి, జార్ఖండ్‌లోని హటియాకు రైలెక్కించారు. పన్నెండు వందల మందికి పైగా. దేశంలో శ్రామికుల కోసం నడిపిన ప్రత్యేక రైళ్లలో అదే మొదటిది. సడలింపులు వచ్చాక నేను పాశమైలారం పోయి చూస్తే రేకుల షెడ్డు అలాగే ఉంది, సగం కోసిన డ్రమ్ములో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. అక్కడ ఎవరూ హోటల్ మూసేసినట్టు లేదు. తినేవాళ్లు పోయారు కాబట్టి పొయ్యి ఆరిపోయింది. అందరి కోసం వండే పెద్ద హోటళ్లు పార్శిళ్లు ఇస్తూ ఎలాగో నిలబడ్డాయి. ఒక్క గుంపు కోసమే వెలిగిన పొయ్యికి ఆ వీలు లేదు.

లిట్టీలు కాల్చే అతను మళ్లీ వచ్చాడు, దాదాపు ఏడాదికి. డ్రమ్ము మార్చాడు. ముందున్న ముఖాలు సగం లేవు, కొత్తవి సగం. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లే. ఆ సాయంత్రం నేను పోయేసరికి నిప్పులున్నాయి గానీ వాటి మీద ఏమీ లేదు. మనుషులు ఫోన్లు చెవులకు పెట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నారు. అతను నన్ను చూసి పక్కకు జరిగి స్టూలు చూపించాడు. చాలాసేపు కూర్చుని, ఏమీ మాట్లాడకుండా లేచి వచ్చాను.

ఇప్పుడు ఫోన్లో చుక్కలు చూసి హోటల్ వెతుక్కుంటున్నారు. తప్పనను. కొత్త ఊళ్లో పిల్లలతో ఆకలి మీదున్నవాడికి అది నిజంగా సాయం. కానీ నాలుగుంముప్పాతిక చుక్కలు అని చూస్తే నాకు తెలిసేది, నాలాంటి ఎందరికో అది నచ్చిందని మాత్రమే. అక్కడ ఎవరి ఇంటి బెంగ తీరుతోందో ఆ చుక్కల్లో ఉండదు. ఒడియా మెస్సుకు ఒక్క చుక్కా లేదు, ఆ మ్యాపులో దాని పేరే లేదు. అలాంటి చోటుకు దారి చెప్పేది మనిషే. కాంటా బాగుచేస్తుంటే పక్కన నిలబడ్డ ఆపరేటర్‌ను, నువ్వెక్కడ తింటావు తమ్మీ అని అడగాలి. బాగుంటుందా అని అడగకూడదు. ఆ మాటకు వాడు నాకు నచ్చేదేదో ఆలోచించి చెబుతాడు. నువ్వెక్కడ తింటావంటే తాను తినే చోటే చెబుతాడు.

ఇక ఇష్టమైన హోటల్ అంటే ఏదని అడిగితే, నా జవాబు పాశమైలారం షెడ్డే. రుచికి కాదు. ఇంతకంటే మంచి లిట్టీ సికింద్రాబాద్ వైపు తిన్నాను. ఇక్కడ ఎలా జరిగిందో తెలియదు, ఒకనాడు అతను కొత్తగా వచ్చిన కుర్రాడికి నన్ను చూపించి "మనవాళ్లే" అన్నాడు. ఇది మావాళ్ల తిండి అన్న మాట దగ్గర మొదలై ఆ మాట దాకా రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

మొన్న చలికాలంలో అతన్ని మా ఊరికి పిలిచాను. పదేళ్లకు పైగా ఇక్కడుంటున్నాడు గానీ సంగారెడ్డి దాటి చూడలేదు. వందలమందికి వండిపెడతావు, నీకెవరు పెడతారు అని మా ఆవిడ ఫోన్లో అడిగితే, ఊరికి పోయినప్పుడు మా అమ్మ అన్నాడట. ఆదివారం పొద్దున వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని, స్వీట్ల డబ్బా పట్టుకుని. వంట కావడానికి ఇంకా టైముందని మ్యూజియానికి తీసుకెళ్లాను. నాణాల దగ్గర నేను చెప్పిందంతా మర్యాదగా విన్నాడు. రోము బంగారానికి తలూపాడు. కుండల దగ్గరికి వచ్చేసరికి నేను చెప్పడం ఆగిపోయింది, అతను వంగి చూడడం మొదలుపెట్టాడు. ఒక పెద్ద కుండ ముందు నిలబడి, రెండు చేతులు చాచి దాని కైవారం గాల్లో కొలిచాడు. పెదవులు కదిలాయి, లెక్కపెడుతున్నాడు.

"యాభై మంది," అన్నాడు తన తెలుగులో. "ఒక్క పూట."

ఇంట్లోవాళ్ల కోసం ధాన్యం దాచుకున్న కుండ కావచ్చు కదా అన్నాను.

మళ్లీ చూశాడు. మూతి వెడల్పు చూశాడు, అడుగు చూశాడు. ఇన్నేళ్ల అనుభవంతో తల అడ్డంగా ఊపాడు. "ఇంటికి ఇంత పెద్దది ఎందుకు సార్? బయటనుంచి వచ్చినవాళ్లున్నారు ఇక్కడ. వాళ్లకు ఎవరో వండారు."

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ సర్వపిండి గిన్నెకు అద్ది ఉంచింది. బియ్యపుపిండి, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడ, కారం, నడుమ నడుమ వేలితో గుచ్చిన చిల్లులు. నూనె పోసి మూతపెట్టి సన్నటి సెగ మీద పెట్టింది. కారం తగ్గించానని ఆమె నాతో అంటుంటే గుమ్మంలో నిలబడ్డ అతను విన్నాడు.

"వద్దు అక్కా," అన్నాడు. "మీకెట్ల చేస్తారో అట్లనే చెయ్యండి."